పెన్న వెంబడి మూడు దినముల యాత్ర
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



రాజంపేట ప్రాంతము వారికి యాత్ర యనగానే మనసు తిరుమల వైపు పోవును. అందు వింత లేదు. తాళ్ళపాక అన్నమాచార్యుడు బాల్యముననే ఇల్లు విడిచి నడచిపోయిన త్రోవ అది. ఈ ప్రసంగము ఆ దక్షిణపు త్రోవను గూర్చినది కాదు. రాజంపేటనుండి కడప వైపునకు బయలుదేరి, మూడు దినములలో, మితమైన వ్యయముతో చూచి రాదగిన ప్రాచీన స్థలములను గూర్చియు, ఆ యాత్రను ముందుగా ఎట్లు కూర్చుకొనవలయునను విషయమును గూర్చియు ఇందు కొంత చెప్పబడును.

యాత్ర చెడుట దారిలో కాదు, కాగితముమీదనే. నలుగురు కూర్చుండి పేర్లు వ్రాయ మొదలిడుదురు. ఒకరు అహోబిలమందురు, వేరొకరు బెలుము గుహలందురు, యాగంటి చూడకుండ వచ్చుట యెట్లని యింకొకరందురు, లేపాక్షి బసవన్నను విడుచుటకు ఎవ్వరికిని మనసొప్పదు. గడియలో పండ్రెండు పేర్లగును. పటముమీద జేనెడు దూరమున నున్న ఊరు, ఎండలో బస్సుకై కాచుకొనువానికి ఎంత దూరమో పటము చెప్పదు. తుదకు మూడు దినములలో రెండు దినములు బస్సు కిటికీనుండి తుమ్మచెట్లను చూచుటతో గడచును. గుడి తలుపులు మూయు వేళకు చేరుటయు, అర్చకులను బతిమాలుటయు మిగులును.

దేశాంతరములందును ఈ చిక్కు కలదు. పోలెండు దేశపు ప్రాచీన నగరములను నాలుగైదు దినములలో చూడగోరువారు పటము నలుమూలలనుండి పేర్లు ఏరుకొన్నచో రైళ్ళలోనే కాలము పుచ్చవలసి వచ్చును. ఆ దేశమున దక్షిణపు కొండలలో పుట్టి ఉత్తరపు సముద్రమున కలయు విస్తులా యను నది యొకటి కలదు. పూర్వపు రాజధాని క్రాకోవ్, నేటి రాజధాని వార్సా, 1473లో కోపర్నికస్ జన్మించిన తోరూన్, ఆ నది ముఖద్వారపు రేవుపట్టణమైన గ్దాన్స్క్, ఇవన్నియు దాని వెంబడి వెలసినవే. పూర్వము ధాన్యపు పడవలు ఆ నీటిమీదనే సముద్రమునకు దిగెడివి. ఏటిని పట్టుకొని పోయినవానికి ఈ నాలుగు ఊళ్ళును ఒకే కథలోని నాలుగు ఘట్టములుగ తోచును. అన్నమాచార్యుడు 1408లో జన్మించి 1503లో పరమపదించెనని చెప్పుదురు. ఆయన తిరుమలలో వృద్ధుడై యున్న కాలమున కోపర్నికస్ క్రాకోవ్ విద్యాలయమున చదువుకొనుచుండెను.

కడప సీమకు అట్టి సూత్రము పెన్న. రాజంపేట చెంత పారు చెయ్యేరు పోయి అందులోనే కలియును. పెన్న తాడిపత్రిని దాటి, గండికోట వద్ద ఎర్రమల కొండను చీల్చుకొని, జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల ప్రక్కనుండి పుష్పగిరికిని, అటనుండి సిద్ధవటమునకును వచ్చును. రాజంపేట యాత్రికుడు ఈ ఏటికి ఎదురుగ పోవలయును. ఈ నియమము నొకదానిని పాటించినచో పండ్రెండు పేర్లలో సగము తమంత తామే తొలగిపోవును. వానికి వేరొక సెలవు వచ్చును.

మొదటి దినము ఉదయము నందలూరు. చెయ్యేటి గట్టున చోళుల కాలపు శాసనములతో నిండిన సౌమ్యనాథస్వామి ఆలయము ఇక్కడ కలదు. కాశికి పోయి వచ్చియు నందలూరు గుడి లోపల అడుగిడని వారు చుట్టుపట్ల లేకపోలేదు! దగ్గర నున్నదానికి ఆ గతి పట్టుట లోకసహజము. అక్కడనుండి ఒంటిమిట్ట. కోదండరామాలయపు గర్భగృహమున సీతారామలక్ష్మణులు ఒకే శిలలో మలచబడియున్నారు, హనుమంతుడు మాత్రము అందు లేడు. పోతన యేకశిలానగరము ఇదియా, ఓరుగల్లా యను వాదమును దారిలో మొదలుపెట్టకుండుట మంచిది, బస్సు తప్పిపోవును. వావిలికొలను సుబ్బారావుగారు టెంకాయచిప్ప చేతబట్టి బిచ్చమెత్తి ఈ ఆలయమును ఉద్ధరించిన వృత్తాంతమును మాత్రము పిల్లలకు చెప్పవలయును. మహమ్మదీయుడైన ఇమాంబేగు త్రవ్వించినదని చెప్పు బావిని కూడ చూపవలయును.

ఇక్కడ ఒక కఠినమైన ఎన్నిక యున్నది. మధ్యాహ్నమునకు సిద్ధవటపు కోటకు పోవుటయా, ఇరువదియైదు కిలోమీటర్ల దూరమున నున్న కడపకు పోవుటయా? సిద్ధవటము మట్లి రాజుల కోట. 1808 నుండి 1812 వరకు జిల్లాకు ముఖ్యపట్టణము. విడువదగినది కాదు. అయినను, గ్రంథాలయపు పాఠకులు యాత్రకు పోవునపుడు కడపయే మేలు. అక్కడ సి. పి. బ్రౌను నివసించిన బంగళా స్థలమున నేడు ఆయన పేర భాషా పరిశోధన కేంద్రమును గ్రంథాలయమును కలవు. 1820లో కడపకు వచ్చిన ఆ దొర, పండితులను కూర్చి, తాళపత్ర ప్రతులను సేకరించి, పాఠములు సరిచూపించిన చోటది. మెకంజీ దొర వ్రాయించిన కైఫీయతులలో కడప జిల్లావానిని ఆ కేంద్రము సంపుటములుగ ప్రకటించినది. ఊరి గుడి యెవరు కట్టించిరి, చెరువెవరు త్రవ్వించిరి అని పల్లెపల్లెకు అడిగి వ్రాసికొన్న సంగతులవి. యాత్రకు ముందే ఆ సంపుటములను తిరుగవేయవలయును. సిద్ధవటము ఇంటికి దగ్గర, ఒక ఆదివారము చాలును.

వ్రాసి యుంచుట యెంతటి పనియో వార్సా నగరము చెప్పును. 1944లో జర్మను సైన్యము ఆ నగరమును పనిబూని నేలమట్టము చేసెను. పదునెనిమిదవ శతాబ్దపు చిత్రకారుడు బెల్లొత్తో వేసిన వీథుల చిత్రములును, వాస్తువిద్యార్థులు యుద్ధమునకు పూర్వము తీసిన కొలతల పటములును దొరకుటచేత పాత పట్టణము మరల కట్టబడెను. 1980లో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించిరి. చెయ్యేటి గట్టున 2021 నవంబరు 19వ తేదీ తెల్లవారుజామున అన్నమయ్య జలాశయపు కట్ట తెగెను. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేటల మీద నీరు పడి పలువురు ప్రాణములు కోల్పోయిరి, ఇండ్లు కొట్టుకొనిపోయెను. పెన్న ఎగువన గండికోట జలాశయపు నీటికి తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళు 2020లో ఖాళీ అయ్యెను. ఆ వీథుల కొలతలు ఎవరి యొద్ద నున్నవి? యాత్రికుని సంచిలో టార్చిలైటుతో పాటు ఒక నోటుపుస్తకము కూడ ఉండవలయునని చెప్పుట ఇందుకే.

రెండవ దినము ఉదయము పుష్పగిరి. ఇచట ముందుగా విచారింపవలసినది ఏటి సంగతి. ఊరు ఒక గట్టున, చెన్నకేశవాలయము ఆవలి గట్టు కొండపైన. నీరు సన్నగిల్లినపుడు జనము ఇసుకలో నడచి దాటుదురు. ఏరు వచ్చినపుడు చాల దూరము చుట్టు తిరుగవలయును. కడపలో బస్సెక్కక పూర్వమే ఈ మాట అడిగి తెలిసికొననివారు గట్టుననే నిలిచి గోపురమునకు నమస్కరించి మరలవలసి యుండును. చెన్నకేశవుడును మల్లేశ్వరుడును ఒకే ప్రాకారమున వెలసిన క్షేత్రము ఇది. గోడలమీది శిల్పపంక్తులను చూచుటకు రెండు గంటలైన కావలయును.

మధ్యాహ్నము జమ్మలమడుగు మీదుగ గండికోట. జమ్మలమడుగునుండి సుమారు పదునైదు కిలోమీటర్లు. కొందరు దీనిని దారిలో గంటసేపు చూచి పోదమందురు. అది పొరపాటు. ఇక్కడ సాయంకాలము, మరునాటి ప్రాతఃకాలము రెండును కావలయును, కావున రాత్రి అక్కడనే బస. పర్యాటక శాఖవారి వసతిగృహము కలదు, ముందుగ గది కుదుర్చుకొనవలయును. పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోటను గోల్కొండ సేనాని మీర్ జుమ్లా 1650లో పట్టుకొనెను. రత్నవర్తకుడైన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ అతనికి నగలమ్మజూపుటకై 1652లో ఇక్కడికి వచ్చెను. మాధవరాయ ఆలయము, రంగనాథాలయము, జామియా మసీదు, ధాన్యపు కొట్టు, అన్నియు ఒక కోటలోనే. వీనిని సాయంకాలము చూచి, పెన్న గండిని మాత్రము సూర్యోదయమునకు ఉంచుకొనవలయును. గండి అంచున రక్షణగోడ లేని తావులు కలవు, పిల్లల చేయి విడువరాదు.

మూడవ దినము తాడిపత్రి. పెన్న గట్టున బుగ్గరామలింగేశ్వరాలయము, ఊరిలో చింతల వేంకటరమణస్వామి ఆలయము. రామలింగేశ్వరుని గోపురములు పూర్తికాక నిలిచిపోయినవి, అయినను వాని పీఠముమీది చెక్కడపు పనిని చూచి ఫెర్గుసన్ వంటి శిల్పశాస్త్రజ్ఞుడు ఎంతయో మెచ్చెను. లింగము చెంత నీరు ఊరుచుండుటచేత ‘బుగ్గ’ యను పేరు వచ్చినది.

ఋతువు సంగతి: ఏప్రిలు, మే నెలలలో ఈ రాళ్ళమీద కాలు మోపలేరు. అక్టోబరు, నవంబరులలో తుపానులు, ఏళ్ళు నమ్మదగినవి కావు. సంక్రాంతికి అటునిటు మేలైన కాలము.

తిరుగు ప్రయాణమునకు తాడిపత్రిలో రేణిగుంట వైపు పోవు రైలెక్కినచో ఊళ్ళు మారవలసిన పని లేదు. ఎర్రగుంట్ల, కడప, ఒంటిమిట్ట వెనుకబడును. నందలూరు దాటగానే బండి చెయ్యేటి వంతెన ఎక్కును. 2021 వరదలో నందలూరు రాజంపేటల నడుమ కట్ట కోసుకొనిపోయి రైళ్ళు నిలిచిపోయిన తావు అదియే. మేలుకొని యున్నవారు కిటికీ తెరచి చూడవచ్చును, ఆ తరువాత సామాను దించుకొనుటకు వ్యవధి కొంచెమే.