పెరటి బాతులు, కోళ్ళు – వాని మేత

మా గ్రామీణ కార్యక్రమమునకు వచ్చు ఉత్తరములలో ఒకటి ఈ ప్రసంగమునకు కారణమైనది. డెల్టా ప్రాంతపు పల్లెనుండి ఒక సోదరి వ్రాసినది. ఆమె పెరటిలో తొమ్మిది బాతులు, అయిదారు నాటుకోళ్ళు ఉన్నవి. సంక్రాంతి మొదలుకొని రోజునకు ఏడెనిమిది బాతుగ్రుడ్లు దొరకుచుండెడివి. ఎండలు ముదిరిన తరువాత అవి రెండు మూడింటికి దిగినవి. ఇప్పుడు ఒక్కటియు లేదు. ఆ గ్రుడ్ల డబ్బుతోనే అమ్మాయి కాలేజీకి పోవు బస్సుఖర్చు గడచుచున్నదట. “పొద్దున, సాయంత్రము తవుడు పెట్టుచునే ఉన్నాము. వట్టి మేపు దండుగ అని ఇంటివారు వీనిని సంతలో అమ్మివేయుదమనుచున్నారు. అమ్మవలెనా, ఉంచవలెనా?” అని ఆమె ప్రశ్న.

దీనికి రెండు మాటలలో సమాధానము చెప్పుటకు వీలులేదు. ముందుగా, ఆ బాతులు మాఘమాసములో ఏమి తినినవో, వేసవిలో ఏమి తినుచున్నవో విచారించవలెను.

పెరటిలో కోళ్ళు, బాతులు ఉన్నవారిని “వీనికి ఏమి పెట్టుచున్నారు?” అని అడిగినచో, “పెట్టునదేమున్నది, అవే ఏరుకొని తినును” అందురు. ఇందులో సగము నిజము. కాలువలో నీరు పారుచు, వరిచేలు తడిగా ఉన్నంతకాలము బాతునకు పెట్టువారితో పనిలేదు. నత్తలు, పురుగులు, చిరుచేపలు, నాచు, రాలిన గింజలు – ఇంతకు మించిన విందు ఏ మేత కార్ఖానాలోను తయారు కాదు. కోడికిని అంతే. పెంటకుప్ప కెలికి అది పట్టుకొను పురుగు, దానికి పప్పును నేయియు రెండునూ. తెలంగాణ పల్లెలలో పాతకుండలో పేడయు చెత్తయు కూరి, తడిపి, పుట్టదగ్గర బోర్లించి, మరునాటికి అందులో చేరిన చెదలను కోడిపిల్లలకు దులుపుట పెద్దలెరిగిన పనియే. మాంసకృత్తులు అను మాట వారు వినకపోవచ్చును. పిల్లలు త్వరగా ఎదుగుట మాత్రము వారు కన్నులార చూచినారు.

తక్కిన సగము ఇది. రబీ కోతలు ముగిసి, కాలువలు కట్టివేసిన పిమ్మట ఆ విందు లేచిపోవును. నత్తలు నేలలోనికి దిగును. నేల బీటలు వారును. మందలు తోలుకొని ఊరూర తిరుగు బాతులవారు నీరున్న చోటు వెదకుకొని పోవుదురు. పెరటి బాతు ఎక్కడికి పోగలదు? ఇంటివారు కరుణించి పొడితవుడు పోయుదురు. నాడు వంద రుచులు తినిన ప్రాణికి నేడు ఒక్క తవుడు. గ్రుడ్లు మానక మరి ఏమి చేయును?

ఇది చెప్పుటకు మాకు అర్హత ఉన్నదో లేదో కాని, అనుభవము మాత్రము ఉన్నది. కొన్ని సంవత్సరముల క్రిందట మేము ముచ్చటపడి పన్నెండు బాతుపిల్లలను కొని తెచ్చి పెరటిలో వదలితిమి. పిల్లలు కదా, సుకుమారముగా ఉండవలెనని నూకల అన్నము మెత్తగా వండించి పెట్టితిమి. రెండు వారములు బాగుగనే తిరిగినవి. మూడవ వారమున ఒకటొకటిగా కాళ్ళు వంకరపోయి, మోకాళ్ళమీద చతికిలబడసాగినవి. వాతమనుకొని నూనె రాచితిమి. నాలుగు చచ్చినవి. తరువాత ఒకనాడు ప్రసంగము రికార్డు చేయుటకై వచ్చిన పశువైద్యునితో మాటలలో ఈ సంగతి చెప్పగా, ఆయన నవ్వి, “అది రోగము కాదు, ఆకలి. కడుపు నిండిన ఆకలి” అనినారు. సంవత్సరముల తరబడి మైక్రోఫోను ముందు ఇతరులచేత చెప్పించిన మాటలను మేమే వినకపోతిమి.

ఆయన వివరించినది ఇది. బి విటమినులలో నయాసిను అనునది ఒకటి. కోడిపిల్లకు కావలసినదానికి ఇంచుమించు రెట్టింపు నయాసిను బాతుపిల్లకు కావలెను. ఇతర ప్రాణులు మాంసకృత్తులలోని ఒక అంశమునుండి దీనిని కొంతవరకు తమ ఒంటిలోనే తయారుచేసికొనును; బాతునకు ఆ నేర్పు చాల తక్కువ. తెల్లని నూకలలో అది బహు స్వల్పము. మొక్కజొన్నలో ఉన్నది కాని, పక్షికి అందని రీతిని బిగిసియున్నది. కనుక కోడిపిల్లల మేత తిని బ్రతికిన బాతుపిల్లలు కూడ కాళ్ళు వంగిపోవచ్చును. ఈస్టుపొడి, ఉడికించిన చేప, బఠాణీలు దీనికి విరుగుడు. వైద్యుడు చెప్పిన కొలతన నీటిలో బి విటమినుల మందు, మేతలో ఈస్టుపొడి కలుపగా మిగిలిన ఎనిమిదింటిలో ఆరు లేచి నడచినవి. కాళ్ళు పూర్తిగా వంగిపోయిన రెండు మాత్రము బాగుపడలేదు. ఆలస్యము చేసిన పాపము మాది.

పాలిషు పట్టిన బియ్యము పక్షిని పడగొట్టుట క్రొత్త సంగతి కాదు. నేడు జకార్తా అనుచున్న బటేవియా నగరమున 1890 ప్రాంతమున క్రిస్టియాన్ ఐక్‌మాన్ అను డచ్చి వైద్యుడు బెరిబెరి వ్యాధిని పరిశోధించుచు కోళ్ళను పెంచుచుండెను. ఆ కోళ్ళకు సైనికాసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లన్నము వేయుచుండిరి. కోళ్ళకు కాళ్ళు పడిపోయినవి. ఇంతలో వంటవాడు మారినాడు. సైన్యపు బియ్యము సైన్యమునకు చెందని కోళ్ళకేల అని క్రొత్తవాడు ఆ అన్నమును ఆపివేసినాడు. విధిలేక ముడిబియ్యము పెట్టగా కోళ్ళు కోలుకొన్నవి! ఆ వంటవాని పిసినిగొట్టుతనమే విజ్ఞానమునకు దారి చూపినది. తవుడులో ఉండి పాలిషులో పోవునది థయమిను అను వేరొక విటమిను అని పిదప తేలినది. 1929లో ఐక్‌మాన్‌కు నోబెల్ బహుమానములో భాగము లభించినది.

కాబట్టి తవుడు మంచిదే. మన సోదరి తప్పు తవుడు పెట్టుట కాదు, తవుడు మాత్రమే పెట్టుట. పైగా తవుడులో నూనె ఉన్నది. నిలువ ఉన్నచో ముక్కిపోవును. మిల్లునుండి వారమునకు సరిపడునంత తెచ్చుకొనుట మేలు, బస్తాలు పేర్చుట కాదు.

నీటిమాట తరువాత చెప్పుదమనుకొంటిమి కాని, బాతు విషయమున మేతకన్న ముందు నీరే. బాతు ఒక ముక్క తినును, పరుగున పోయి ఒక గ్రుక్క త్రాగును, మరల వచ్చును. పొడిపిండి దాని గొంతులో అంటుకొనును. ముక్కు మొత్తము మునుగునంత లోతు నీరున్న తొట్టి దగ్గర లేనిచో అది సరిగా మేయదు. ముక్కు రంధ్రములు, కన్నులు శుభ్రపరచుకొనలేదు. చెరువు లేకపోయినను బాతు బ్రతుకును, గ్రుడ్లు పెట్టును. లోతైన తొట్టి లేకపోయినచో మాత్రము కష్టము. మేతను చేతిలో ముద్దకట్టి, వదలిన విరిగిపోవునంతగా తడిపి పెట్టవలెను. ఒక పూటకు తడిపినది ఆ పూటకే. ఎండలో పులిసిన మేతను తీసి పారవేయవలెను.

ఇక అన్నిటికన్న గట్టిగా చెప్పవలసినది వేరుశనగచెక్కను గూర్చి. చౌకగా మాంసకృత్తులనిచ్చు దినుసు ఇంతకు మించినది మనకు లేదు. అయితే 1960లో ఇంగ్లండులో లక్షకు మించిన టర్కీకోడి పిల్లలు కొద్ది నెలలలో చనిపోయినవి. కారణము తెలియక దానికి ‘టర్కీ ఎక్స్ వ్యాధి’ అని పేరు పెట్టిరి. తుదకు బ్రెజిలు నుండి దిగుమతి అయిన వేరుశనగపిండిలో దొరికినది ఆ శత్రువు – ఒక బూజు పుట్టించు విషము, అఫ్లటాక్సిను. ఈ విషమును అందరికన్న ముందు కనిపెట్టు ప్రాణి బాతుపిల్ల. శాస్త్రజ్ఞులు మేతలో విషమున్నదో లేదో తెలిసికొనుటకు ఒకరోజు వయసు బాతుపిల్లలనే వాడిరనిన, అవి దానికి ఎంత సుళువుగా లొంగునో ఊహింపుడు. పైబూజు గీకివేసినను, చెక్కను నానబెట్టి ఉడికించినను విషము పోదు. చెక్కను విరిచి చూడవలెను, వాసన చూడవలెను. తడి తగిలినది, రంగు మారినది పెంటకుప్పకే. బాతునకు పనికిరానిది గేదెకు పెట్టుదమనుకొనుట కూడ తగదు. దాని అంశ పాలలోనికి దిగును, ఆ పాలు త్రాగునది మన పిల్లలే. అనుమానమున్నప్పుడు బాతుపిల్లలకు వేరుశనగచెక్క మానివేసి ఉప్పులేని ఎండుచేపల పొడి వాడుటయే క్షేమము.

పొలమున ఎరువుగా వేయు ఆముదపుపిండి ప్రాణాంతకమైన విషము. బస్తా కోళ్ళకు అందనిచోట ఉంచవలెను. పత్తిగింజల చెక్క గ్రుడ్డు సొన రంగును చెరచును. ఉప్పుచేపల కడుగునీరు, మిగిలిన ఊరగాయ కుడితిలో పడినచో పక్షికి ఆ ఉప్పే చాలును ప్రాణము తీయుటకు. ఇంటి మిగులు పెట్టుటలో తప్పులేదు, ఆవకాయ తప్ప!

గ్రుడ్డుపెంకును గూర్చి పలువురు అడుగుచుందురు. ఒక్కొక్క కోడిగ్రుడ్డు పెంకులో ఇంచుమించు రెండు గ్రాముల కాల్షియము ఉన్నది. గింజలలో అది లేనట్లే. మేతలో అందనిచో తల్లి తన ఎముకలు కరిగించి పెంకు కట్టును; ఆ తరువాత తోలుగ్రుడ్లు వేయును. నత్తగుల్లలు, ఆల్చిప్పలు దంచి వేరొక చిప్పలో ఉంచినచో కావలసినంత అవే తినును. పెంకు కట్టుట ముఖ్యముగా రాత్రివేళ జరుగును కనుక సాయంత్రము ఉంచుట మరింత మంచిది. ఎదుగు పిల్లలకు మాత్రము ఈ గుల్లపొడి కలుపరాదు; అంత కాల్షియము వాని మూత్రపిండములకు చేటు. గుల్ల వేరు, కందనకాయలో గింజను నలుగగొట్టుటకు పక్షి మ్రింగు ఇసుకరాయి వేరు. కట్టివేసి పెంచువారు రెండునూ ఉంచవలెను.

పెద్దబాతుల సంగతి క్లుప్తముగా. మన కవులు హంసకు పాలును నీరును వేరుచేయు పని అప్పగించిరి కాని, పెరటిలోని ఈ చుట్టమునకు కావలసినది పచ్చగడ్డి. పొట్టిగా, లేతగా ఉన్న గడ్డి సమృద్ధిగా ఉన్నచో పెరిగిన పెద్దబాతునకు సాయంత్రము గుప్పెడు గింజలు చాలును. ముదిరిన గడ్డి అరుగదు. పిల్లలకు మొదటి వారముననే లేతగడ్డి తరిగి వేయవచ్చును. త్వరగా బలియవలెనని గింజలు కుక్కినచో రెక్క కొసలు బయటకు మెలిపడునని చెప్పుదురు. గిన్నికోళ్ళ పిల్లలకు, టర్కీ పిల్లలకు కోడిపిల్లలకన్న ఎక్కువ మాంసకృత్తులు కావలెను. రాజేంద్రనగరములోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా కోళ్ళను పెంచువారు మరొక సంగతి గమనింపవలెను. అది బరువు జాతి; గింజలు మితిమీరి పెట్టినచో క్రొవ్వి గ్రుడ్లు తగ్గును.

ఇప్పుడు మన సోదరికి సమాధానము. పది కిలోల మేతకు నూకలు గాని, నలిపిన జొన్నలు మొక్కజొన్నలు గాని నాలుగున్నర కిలోలు. క్రొత్త తవుడు రెండు కిలోలు. శుభ్రమైన వేరుశనగ లేక నువ్వుల చెక్క కిలోముప్పాతిక. ఉప్పులేని ఎండుచేపల పొడి ముప్పాతిక కిలో. దంచిన గుల్ల ముప్పాతిక కిలో. పశువైద్యశాలలో చెప్పు ఖనిజ మిశ్రమము పావుకిలో. గ్రుడ్లు పెట్టు వయసు వచ్చిన బాతులకు, కోళ్ళకు ఇది సరిపోవును. నీరు పారని రోజులలో బాతొకటికి రోజునకు 150 గ్రాములు, రెండు పూటలుగ, తడిపి. తిరిగి మేయు కోడికి సాయంత్రము 40, 50 గ్రాములు. ఇవికాక తోటకూర, మునగాకు, దొరికినచో అజొల్లా. పచ్చని ఆకు తిననిచో సొన పాలిపోవును. నీళ్ళతొట్టి నీడన ఉండవలెను. ఖర్చు ఎక్కువ అనిపించినచో చేపలపొడి బదులు చేపలు కోసిన చోట పారవేయు తలలు, ప్రేగులు తెచ్చి ఉడికించి వేయవచ్చును.

అమ్ముటకు ముందు ఒక్కొక్క బాతును పట్టి రెక్క చూడుడు. క్రొత్త ఈకలు మొలచుచున్నచో అది ఈకలు మార్చుకొను కాలము. ఆ రోజులలో ఎంత పెట్టినను గ్రుడ్డు రాదు, ఈక పూర్తి అయిన పిదప తిరిగి మొదలుపెట్టును. నాలుగేండ్లు దాటిన ముసలిదైనచో సంతకు పంపుటలో అన్యాయము లేదు. తక్కినవానికి ఈ మేత నెలరోజులు పెట్టి చూడవలెను. ఒక్క పొరపాటు మాత్రము చేయవలదు. బాతులు గ్రుడ్లు పెట్టునది తెల్లవారుజామున; తొమ్మిది గంటలలోపుననే దాదాపు అన్నియు ముగించును. చీకటితో గూడు తెరచి వదలినచో గ్రుడ్డు ఏ గట్టుననో, ఏ తుప్పలలోనో పడిపోవును, కాకులు తినును, మేత దండుగయని ఇంటివారు మరల అందురు. కనుక గూటిలో ఎండుగడ్డి పరచి, తొమ్మిది గంటల తరువాత తలుపు తీయవలెను.