వేలములో కొన్న ఆటగాడు



కొత్తపేటలో ఉండిన గడ్డిఅన్నారము పండ్ల బజారు మీలో చాలమందికి తెలిసియే యుండును. దిలుసుఖ్‌నగరునుండి ఎల్.బి. నగరునకు పోవు బాటలో, జిల్లాల రైతులు బత్తాయిని, మామిడిని లారీల కెత్తి తెచ్చి దించెడి చోటది. 2022 నాటికి ఆ బజారు బాటసింగారమునకు తరలిపోయినది. నేను ఆ ప్రక్క వీథిలో చాల యేండ్లుగా కాపురమున్నవాడను. వేసవి దినములలో తెల్లవారుజామున వేలముపాట కేకలతోనే నాకు మెలకువ వచ్చెడిది. ఒకనాడు ఒక మామిడి కుప్పకు ఇద్దరు వ్యాపారులు పంతము పట్టిరి. ప్రక్కనున్న కుప్పకన్న దాని ధర ఒకటిన్నర రెట్లు పోయినది. రెండు కుప్పలును ఒక తోటవే, ఒక చెట్టు వరుసవే. తోట యజమాని నవ్వుచు, "కాయ మారలేదు పంతులుగారూ, పాడినవారు మారిరి" అని నాతో ననెను.

ఆ మాట మరల జ్ఞాపకము వచ్చుటకు కారణము మా బావగారు. వారిది చౌటుప్పల్ దగ్గరి పల్లె. 2025 మార్చిలో వారు మనుమని వెంటబెట్టుకొని ఎల్.బి. నగరు చౌరస్తాలో బస్సు దిగి మా యింటికి వచ్చిరి. కుఱ్ఱవానికి పదునారేండ్లు, బంతి వేయుటలో చేయి బాగుగనే తిరుగును. కాళ్లు కడుగుకొని, మంచినీళ్లు త్రాగి, బావగారు నన్ను నేరుగ అడిగిరి: "ఒక్క మనిషికి ఇరువది కోట్లు, ఇరువదియేడు కోట్లు ఇచ్చుచున్నారని పత్రికలో చూచితిని. ఆ మనిషి అంత చేయునా? చేయునన్నచో చెప్పు, బాట ప్రక్కనున్న అర యెకరము అమ్మి వీనిని క్రికెట్టు నేర్పు బడిలో చేర్పింతును."

ఈ పూట నేను మాటలాడునది ఆ ప్రశ్నను గురించియే.

ముందుగా ధర యెట్లు పుట్టునో చూతము. ఐ.పి.ఎల్. అను క్రికెట్టు పందెములకు ప్రతి జట్టునకును ఒక సంచి గలదు. దానికి మించి ఆటగాండ్రపై ఖర్చు పెట్టరాదు. 2024 సంవత్సరపు పందెములకు ఆ సంచి 100 కోట్లు. 2025కు 120 కోట్లు. 2023 డిసెంబరు 19వ తేదీన దుబాయిలో జరిగిన వేలములో ఆస్ట్రేలియా నాయకుడు పాట్ కమ్మిన్స్‌ను మన హైదరాబాదు సన్‌రైజర్స్ జట్టువారు 20 కోట్ల 50 లక్షలకు పాడుకొనిరి. అంతకుముందు ఆ వేలములలో ఎవ్వరికిని అంత ధర పలుకలేదు. ఆ రికార్డు ఆ దినమైనను నిలువలేదు. అదే మధ్యాహ్నము అతని తోటివాడు మిచెల్ స్టార్క్‌ను కలకత్తావారు 24 కోట్ల 75 లక్షలకు కొనిరి. ఇద్దరికిని మొదటి పాట 2 కోట్లే. రెండు కోట్లు ఇరువది కోట్లగుటకు ఆటగాడు ఆ గదిలో ఏమియు చేయలేదు. అట్టి బౌలర్లు అమ్మకమునకు ఇద్దరో ముగ్గురో యుండిరి. సంచిలో డబ్బున్నవారు అంతకన్న ఎక్కువమంది యుండిరి. అంతియే.

ఇందులో పంతము పాలు కూడ కొంత యుండును. మా ప్రాంతమునకు దాపుననే యున్న బాలాపురములో గణేశుని లడ్డు వేలము సంగతి మీరు వినియే యుందురు. 1994లో 450 రూపాయలకు మొదలైన పాట 2025లో 35 లక్షలకు చేరినది. లడ్డును తూచి, చక్కెర వెల కట్టి పాడువా డెవ్వడును లేడు. క్రికెట్టు జట్ల యజమానులు మాత్రము అంత భక్తులు కారు. 2023 మొదలు 2027 వరకు ఈ పందెములను ప్రసారము చేయు హక్కులు 48,390 కోట్లకు అమ్ముడైనవి. అందులో జట్లకు పాలు గలదు. కనుక కమ్మిన్స్‌కు ఇచ్చిన ఇరువది కోట్లు యజమాని పొలము అమ్మి తెచ్చినవి కావు. యజమానికి నిజముగా ఖర్చగునది రూపాయి కాదు. ఆ సంచిలో మిగిలిన జాగా. ఒకనికి పోసినంత మేర మిగిలినవారికి లేకుండ పోవును. ప్రియమైన ఆటగాడు తగునా తగడా యని తూచునపుడు రెండవ తట్టలో పెట్టవలసినది ఆ కొనలేకపోయిన వారినే యని నా యభిప్రాయము.

దీనికి క్రికెట్టుకన్న కబడ్డీ మంచి సాక్ష్యము. చెడుగుడు ఆడని వారు మీలో నుండరు. నియమములు నేను చెప్పనక్కరలేదు. కూతకు పోయినవాడు పట్టుబడినచో బయట కూర్చుండును. తనవారు ఎదుటి ప్రక్కవానిని ఒకనిని పడగొట్టిననే అతడు మరల లోనికి వచ్చును. ఇప్పుడు తెలుగు టైటాన్స్ జట్టు సంగతి వినుడు. 2023 అక్టోబరు వేలములో వారు పవన్ సెహ్రావత్ అను గొప్ప కూతగానిని 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొనిరి. ఆ ఆటలో అంతవరకు అదియే అన్నిటికన్న పెద్ద ధర. జట్టు సంచి మొత్తము 5 కోట్లు. అనగా సగముకన్న మించి ఒక్కనికే పోయినది! పవన్ సోమరిగా నుండెనా? లేదు. ఆ పందెములలో ఒంటిచేతితో రెండువందలకు పైగా పాయింట్లు తెచ్చెను. జట్టు మాత్రము 22 ఆటలలో 2 గెలిచి, పన్నెండింటిలో పన్నెండవదైనది. పట్టువారు బలహీనులు. పవన్ పట్టుబడి బల్లమీద కూర్చున్నపుడు అతనిని లేపి లోనికి తెచ్చువారు లేకపోయిరి. రెండు కోట్ల అరువది లక్షలు బల్లమీద కూర్చుండి తన వంతు కొరకు చూచుచుండుట నేను టెలివిజనులో చూచితిని. ఆ మనిషి మొగము చూచిన జాలి కలిగెను.

అంతకు నాలుగేండ్ల ముందు, 2019లో, ఆ జట్టే సిద్ధార్థ దేశాయిని 1 కోటి 45 లక్షలకు కొని పన్నెండింటిలో పదునొకండవ స్థానమున నిలిచినది. అతడును ఆ యేడు రెండువందలు దాటించినవాడే. ఒకసారి కాలు జారుట పొరపాటు. రెండవసారి అదే గుంటలో పడుటను ఏమనవలెనో మీరే చెప్పుడు.

ఇట్టి కథ మన దేశమునకే చెల్లినది కాదు. అమెరికాలో బేస్‌బాల్ అను కఱ్ఱబంతి ఆట గలదు. పూర్వ మక్కడ ఆటగాడు ఒక జట్టులో చేరెనా, వెనుకటి పాలేరు వలె యజమాని విడుచువరకు వానివాడే. 1975 డిసెంబరులో పీటర్ సైట్జ్ అను మధ్యవర్తి ఇచ్చిన తీర్పుతో ఒప్పందము తీరినవాడు తనకు నచ్చిన చోట కొలువు చేరవచ్చుననుట స్థిరపడినది. అంతట ధరలకు రెక్కలు వచ్చినవి. అచ్చట మన వలె సంచికి మూతి కట్టలేదు. ఒక మేర దాటినచో పన్ను మాత్రము కట్టవలెను. 2000 డిసెంబరులో టెక్సాస్ జట్టు అలెక్స్ రోడ్రిగెజ్ అనువానితో పదియేండ్లకు 25 కోట్ల 20 లక్షల డాలర్ల ఒప్పందము చేసికొనెను. అతడు మూడేండ్లలో 156 మారులు బంతిని కంచె దాటించెను. ఆ మూడేండ్లును టెక్సాస్ తన వర్గములోని నాలుగు జట్లలో నాలుగవదే. పిదప అతనిని వేరొక జట్టునకు అప్పగించివేసిరి. 2024 డిసెంబరులో హువాన్ సోటో అను యువకునితో న్యూయార్కు మెట్స్ వారు పదునైదేండ్లకు 76 కోట్ల 50 లక్షల డాలర్లకు వ్రాసికొనిరి. ఇరువదియారేండ్ల వానికి నలువదవ యేటి జీతము కూడ నేడే ఖాయము చేయుట! మన వేలములో నా భయము తక్కువ. ఏడాది గడిచిన పిదప జట్టువారు విడిచిపెట్టవచ్చును. సన్‌రైజర్స్ వారు 2022 డిసెంబరులో ఇంగ్లండు బ్యాటుగాడు హ్యారీ బ్రూక్‌ను 13 కోట్ల 25 లక్షలకు కొనిరి. అతడు కలకత్తాలో ఒక నూరు కొట్టి, తక్కిన పది ఆటలలోను కలిపి 90 పరుగులు చేసెను. జట్టు అందరికన్న వెనుకబడినది. ఆ యేడు తిరుగక మునుపే అతనిని వదలుకొనిరి.

ఐనచో గొప్ప ధర పెట్టి కొనుట ఎల్లప్పుడును తప్పా? కాదు. కమ్మిన్స్ సంగతియే చూడుడు. 2023లో పదింటిలో పదవదైన సన్‌రైజర్స్ జట్టు, అతడు నాయకుడైన 2024లో చివరి పందెము వరకు పోయినది. అతడు తీసిన వికెట్లు 18. బాగే గాని, ఇరువది కోట్లకు అవి మాత్రమే చాలవు. ఆ యేడు పరుగుల వాన కురిపించినవారు హెడ్, అభిషేక్ శర్మ, క్లాసెన్. ముగ్గురు కలిసి 1530 పరుగులు చేసిరి. ముగ్గురి ధరయు కలిపి 18 కోట్ల 55 లక్షలు, కమ్మిన్స్ ఒక్కని ధరకన్న తక్కువ. విశాఖపట్టణపు నితీశ్ కుమార్ రెడ్డి 20 లక్షలకు ఆడెను. సంచిలో అయిదవ పాలే నాయకునికి పోయినది గనుక, తక్కిన నాలుగు పాళ్లలో ఇట్టివారికి చోటు దొరికినది. చవుకగా దొరికినవారిని ధైర్యముగా ఆడనిచ్చుట ఆ నాయకుని పని; అది అతడు చేసెను. నా లెక్కలో అతడు ఆ యేడు తన వెలకు తగినవాడే.

మరుసటి యేటికి ఆ చవుక లేదు. అయిదుగురిని నిలుపుకొనుటకే 120లో 75 కోట్లు పోయినవి. క్లాసెన్‌కు 23, కమ్మిన్స్‌కు 18, హెడ్, అభిషేక్‌లకు 14 చొప్పున, నితీశ్‌కు 6. మిగిలిన 45 కోట్లలో తక్కిన జట్టంతయు. 2025లో వారు ఆరవ స్థానమున ఆగిపోయిరి.

స్టార్క్ సంగతి కూడ చెప్పక పోరాదు. ఎప్పుడు తూచవలెనో అది నేర్పును. 2024 మార్చి 23న అతడు మన జట్టుపైననే 53 పరుగు లిచ్చి ఒక్క వికెట్టును తీయలేదు. ఒక్క ఓవరులోనే 26 పరుగులు కొట్టించుకొనెను. మరుసటి ఆటలోను సున్నయే. చైతన్యపురి టీ దుకాణములలో కుఱ్ఱవాండ్రు కలకత్తావారి డబ్బు మూసీలో కలిసినదని ఎగతాళి చేయుట నేను వింటిని. మే 21న అహమ్మదాబాదులో అతడు హెడ్‌ను పరుగు చేయకుండ పంపెను. మే 26న చెన్నపట్టణములో తుది పందెమున మొదటి ఓవరులోనే అభిషేక్ వికెట్టు ఎగురగొట్టెను. మనవారు 113కే కుప్పకూలిరి. ఆ రాత్రి టీ దుకాణములలో ఎగతాళి లేదు. పంట కల్లమునకు రాకముందే లెక్క వేసినవారు వారు.

ఇవన్నియు బావగారికి చెప్పితిని. ఆయన విని, "ఇది కొనువాని లెక్క, అమ్ముడు పోవువాని లెక్క చెప్పు" అనిరి. ఆ లెక్క చేదైనది. 2024 నవంబరులో జెద్దాలో జరిగిన వేలమునకు పేరు వ్రాయించుకొన్నవారు 1574; అమ్ముడైనవారు 182. ఆ 182లో రిషభ్ పంత్ ఒక్కనికే 27 కోట్లు. పేరు వ్రాయించుకొనుట వరకు రాలేక పల్లెలలో, పేటలలో ఆగిపోయినవారి లెక్క ఎవ్వరును వ్రాయరు. పంత్‌కు 27 కోట్లు తగునా తగదా యన్నది ఈ బాలుని బ్రతుకునకు ఏ విధమునను సంబంధించినది కాదు.

కుఱ్ఱవాడు వినుచునే యుండెను. "సిరాజ్ తండ్రి ఆటో నడిపినవాడే గదా, తాతా" అనెను. నిజమే. హైదరాబాదు బాలుడు మహమ్మద్ సిరాజ్‌ను 2017లో సన్‌రైజర్స్ వారు 20 లక్షల మొదటి పాటనుండి 2 కోట్ల 60 లక్షలకు కొనిరి. మరుసటి యేడు వదలుకొనిరి. 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాటి సాయంకాలము, నేను ఈ పిల్లవానిని నాగోలు మీదుగా ఉప్పల్ క్రీడారంగమునకు తీసికొని పోయితిని. గుజరాత్‌వారు 12 కోట్ల 25 లక్షలకు కొన్న సిరాజ్, తన ఊరి నేలమీద, తన ఊరి జట్టుపైన, 17 పరుగు లిచ్చి 4 వికెట్లు తీసెను. మా చుట్టునున్నవారు నారింజరంగు చొక్కాలు తొడుగుకొని యుండియు అతనికి చప్పట్లు కొట్టిరి. పిల్లవాడు మాటలాడక చూచుచుండెను. ఆ రాత్రి వానికి నా లెక్కలు చెప్పుటకు నాకు నోరు రాలేదు.

మరునాడు బావగారితో నంటిని: అమ్మవలదు, పొలము కౌలున కిచ్చి, ఆ డబ్బుతో రెండేండ్లు చూడుడు, పిల్లవాడు మా యింట నుండి ఉదయము సరూర్‌నగరులో బంతి వేయును, పగలు దిలుసుఖ్‌నగరులో ఇంటరు చదువును. బావగారు కండువా దులిపి భుజాన వేసికొని, నెమ్మదిగా అడిగిరి:

"దిలుసుఖ్‌నగరు కాలేజీలకు పొలము లమ్మి లక్షలు పోసినవారిని నీవెన్నడైన ఆపితివా?"

మా పెద్దవాని ఇంజనీరింగు ప్రవేశపు చదువునకై 1998లో నేను ఎకర మమ్మిన సంగతి ఆయనకు తెలియును. పత్రముపై సాక్షి సంతకము ఆయనదే. నేను బదులు చెప్పలేదు. చౌరస్తా వరకు నడిచి పోయి, ఆయనను బస్సెక్కించి వచ్చితిని. పిల్లవాడు మా యింటనే యున్నాడు. కౌలు పత్రము ఉగాదికి తిరిగి వ్రాయవలసి యున్నది.