నౌకా ప్రమాదములు: యంత్రదోషమా, మానవదోషమా?

(హైదరాబాదు పాతనగరమున మేము చేసిన యుపన్యాసము)



చార్మినారు నీడను సముద్రపు మాట యేల యని మీరు ప్రశ్నింపవచ్చును. మన మెరిగిన సముద్రము హుసేనుసాగరమే. అందును 1990 మార్చిలో బుద్ధవిగ్రహమును మోయుచున్న పంటు ఒరిగి, విగ్రహముతోపాటు మనుష్యులును మునిగిరి. విగ్రహమును 1992 డిసెంబరులో పైకి దీసిరి. మనుష్యులు తిరిగి రాలేదు. అదియు నటుండనిండు. ఈ నగరపు దక్షిణపు కొసను, కాంచనబాగులో, 1973లో స్థాపితమైన మిశ్రధాతు నిగమమున దేశరక్షణకు వలయు లోహములు తయారగుచున్నవి. ఓడల క్షేమము మనకు పరాయి విషయము గాదు.

1971 యుద్ధమున ఖుక్రీని శత్రువు ముంచెను. అటుపిమ్మట మన యుద్ధనౌక నేదియు శత్రువు ముంచలేదు. 1990లో బంగాళాఖాతమున అండమాన్, 2006లో ప్రహార్, 2011లో వింధ్యగిరి మునిగినవి గదా! అన్నియు యుద్ధము లేని దినములలోనే.

సింధురక్షక్ అను జలాంతర్గామి చరిత్రము వినుడు. బ్యాటరీల నుండి హైడ్రోజను వాయువు పుట్టుట సహజము. దానిని ఎప్పటికప్పుడు వెలికి పంపకున్నచో చిన్న నిప్పురవ్వ చాలును. 2010 ఫిబ్రవరిలో విశాఖపట్టణమున బ్యాటరీ వాల్వు చెడి, వాయువు చేరి, మంట లేచి యొక నావికుడు మరణించెను. పడవను రష్యాకు పంపి బాగు చేయించిరి. తిరిగివచ్చిన కొలది మాసములకే, 2013 ఆగస్టు 14న, బొంబాయి రేవులో దాని కడుపులోని యాయుధములే ప్రేలి 18 మంది హతులైరి.

ఆరు నెలలు గడచినవో లేదో, సింధురత్నలో పొగ క్రమ్మి యిద్దరధికారులు ప్రాణములు విడిచిరి. నౌకాదళాధిపతి జోషీగారు నాడే రాజీనామా నిచ్చిరి. ఆయన నడవడి గౌరవింపదగినదే. కాని రాజీనామా వలన కాలిన తీగెలు మారవు.

యంత్రదోషమనియు, మానవదోషమనియు పంచి చెప్పుట పాలకులకు సుఖముగా నున్నది. చెడిన వాల్వును పరీక్షింపవలసినవాడు మనుష్యుడు కాడా? అలసిన నావికుని విశ్రాంతి లేక పనికి నిలిపిన యుత్తరువు యంత్రము వ్రాసినదా? చనిపోయినవానిపై తప్పు మోపుట మిక్కిలి సులభము. వాడు బదులు చెప్పడు.

2007–08 మొదలు 2015–16 వరకు ఓడలకును జలాంతర్గాములకును 38 ప్రమాదములు సంభవించి 33 మంది మృతిచెందిరని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2017లో పార్లమెంటునకు నివేదించెను. 2014 వరకు భద్రత కొరకే యేర్పడిన సంస్థ నౌకాదళమున లేకుండెనని యా నివేదికయే చెప్పుచున్నది! స్వాతంత్ర్యము వచ్చి అప్పటికి అరువదియేడేండ్లు.

ఆ 2014 నవంబరులోనే మన విశాఖతీరమున, సాధనకై ప్రయోగించిన టార్పెడోలను ఏరి తెచ్చు చిన్న నౌక లోనికి నీరుచొచ్చి మునిగెను. ఒకని శవము దొరకెను. నలుగురి జాడ దొరకలేదు.

యుద్ధరహస్యములను బయటపెట్టుమని మే మడుగుట లేదు. వాల్వు చెడుట రహస్యము గాదు. ప్రతి ప్రమాదముపై జరిగిన విచారణ నివేదికను, ఆయుధముల వివరములను మినహాయించి, పార్లమెంటు ముందుంచవలెను. ఈ పాతనగరమునకును అక్కడ నొక స్థానము గలదు. ఆ సభ్యునకు సమర్పింపదలచిన విజ్ఞప్తి యీ బల్లపై నున్నది; చేవ్రాలు చేయగోరువారు దయచేయుడు.