ఇంట్లో వెల్డింగు సాధన: ఏ మిషను కొనాలి?
(నెలవారీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రైల్వే వర్కుషాపు వెల్డింగు సెక్షనులో 31 సంవత్సరములు పనిచేసినవాణ్ణి కనుక ఈ విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. ఈ మధ్య మన సభ్యులు కొందరు ఒకటే మాట అడుగుతున్నారు. "మనవడు ఐ.టి.ఐ.లో వెల్డరు ట్రేడులో చేరాడు. అక్కడ వాడి వంతు వచ్చేసరికి పీరియడు అయిపోతోంది. ఇంట్లో సాధన చేసుకోవడానికి చవకలో ఏ మిషను కొనమంటారు?" అని. అడగడం సబబే. రాడ్లు కాల్చనిదే ఈ పని చేతికి రాదు. అయితే పెట్టేది పెన్షను డబ్బు, ఉంచేది మనం కాపురముండే ఇంట్లో. అందుచేత మిషను కంటే ముందు మిమ్మల్ని మీ కరెంటు మీటరు దగ్గరకు తీసుకువెళతాను.

బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు ఎన్ని కిలోవాట్లో చూడండి. రెండున్నర మిల్లీమీటర్ల రాడ్డు, అంటే మన 12 నంబరు, 80 ఆంపియర్ల మీద కాలుతుంటే చిన్న మిషను ఇంటి లైను నుంచి సుమారు 14 ఆంపియర్లు లాగుతుంది. టీవీ, ఫ్యాను పెట్టుకునే ప్లగ్గు దీన్ని మోయలేదు, గోడలో వైరు కాలిపోతుంది. మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించి, పవర్ ప్లగ్గు, దానికి తగిన ఎం.సి.బి. పెట్టించండి. పాత ఇళ్లలో ఎర్తు చాలాచోట్ల పేరుకే ఉంటుంది. ఎలక్ట్రీషియను చేత పరీక్ష చేయించండి. ఈ ఖర్చు మిషను ఖర్చులో భాగమే.

ఇక మిషను. మనం వాడిన ట్రాన్స్‌ఫార్మరు రకం మొండిది, చెడదు. కాని మోయడానికి ఇద్దరు కావాలి, వాటిలో చాలా వాటికి రెండు ఫేజులు కావాలి. ఇంటికి ఇన్వర్టరు వెల్డింగు మిషను మేలు. (కరెంటు పోతే వాడే బ్యాటరీ ఇన్వర్టరు కాదండోయ్!) చేత్తో పట్టుకుపోవచ్చు, సింగిల్ ఫేజు చాలు. పెట్టె మీద 400 అని పెద్ద అంకె చూసి మురిసిపోకండి. నిజంగా 400 ఆంపియర్లు ఇవ్వాలంటే 14 కిలోవాట్ల పైమాట. ఇంటి ప్లగ్గులోంచి అది ఎక్కడిది? వెనకనున్న రేకు మీద డ్యూటీ సైకిలు చదవండి. 100 ఆంపియర్ల దగ్గర 60 శాతం అంటే, పది నిమిషాల్లో ఆరు నిమిషాలు కాల్చి నాలుగు నిమిషాలు ఆపాలి. నేర్చుకునేవాడికి అది ఎక్కువే. 200 ఆంపియర్ల లోపు రకం, మీ ఊళ్లోనే రిపేరు చేసేవాడున్నది తీసుకోండి. దూరం నుంచి వెయ్యి తక్కువకు తెప్పించినది చెడితే ఎవరి దగ్గరకు పోతారు? గ్యాసు సిలిండర్ల రకాలు ఇంట్లోకి వద్దు.

మిగిలిన డబ్బు హెల్మెట్‌కు, తోలు గ్లవుజులకు పెట్టండి. 10 లేక 11 నంబరు నల్లద్దం కావాలి. చలువ కళ్లద్దాలు పనికిరావు. ఆర్కు వెలుగు చూసిన కళ్లలో ఇసుక పోసినట్లుండేది ఆ క్షణంలో కాదు, ఆ రాత్రికి. కాబట్టి పక్కన నిలబడి చూసే చిన్నపిల్లలను ముందే పంపేయండి. నూలు బట్టలు, బూట్లు, పొడి నేల. టెర్లిన్ చొక్కా మీద రవ్వ పడితే చర్మానికి అంటుకుంటుంది. జింకు పూత పైపులు అసలు కాల్చవద్దు, ఆ పొగకు చలిజ్వరం వస్తుంది. పాత ఇనుప సామాను కొట్లో తూకానికి దొరికే ఫ్లాటు ముక్కలు, 6013 రాడ్లు సాధనకు చాలు.

మనలో పేస్‌మేకరు ఉన్నవారికి ప్రత్యేకించి మనవి. మనవడి ముచ్చట చూడాలని దగ్గరకు వెళ్లకండి. వెల్డింగు కేబుళ్ల చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. ఎంత దూరం ఉండాలో ముందు మీ గుండె డాక్టరును అడగండి.

మరొకటి. గృహ కనెక్షను మీద సాధన వేరు, గేట్లు చేసి అమ్మడం వేరు. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద అది అనధికార వినియోగం, రేటుకు రెట్టింపు వేస్తారు. కుర్రవాడు సంపాదన మొదలుపెట్టే రోజున కనెక్షను కేటగిరీ మార్పించండి.

హెల్మెట్ ఒకటి వెంట తెచ్చాను. అద్దం నంబరు ఎక్కడ ఉంటుందో టీ విరామంలో చూపిస్తాను.