చేను ప్లాట్లు కాకముందే



ఈరోజు చేను గురించి మాట్లాడుకుందాం. పైరు గురించి కాదు. చేను ఇళ్ళ ప్లాట్లుగా మారడం గురించి.

కర్నూలు నుంచి పోయినా, కడప నుంచి పోయినా రోడ్డు పక్కన చూస్తూనే ఉంటాం. నిన్న శెనక్కాయ వేసిన చేన్లో ఈరోజు తెల్లరాళ్ళు నాటి ఉంటాయి. "వాళ్ళ చేను, వాళ్ళ ఇష్టం. మనకేం?" అంటాం. నిజమే, చేను వాళ్ళదే. మరి ఆ చేను పక్కన పారే వంక ఎవరిది? జీవాలు పోయే దారి ఎవరిది? చెరువులోకి నీళ్ళు తెచ్చే కాలువ ఎవరిది? అవి ఊరివి. అందుకే అడిగే హక్కు ఊరికి ఉంది.

పటంలో రంగులు

పట్నానికి, చుట్టుపక్కల పల్లెలకు కలిపి ఒక పటం గీస్తారు. దాన్ని మాస్టర్ ప్లాన్ అంటారు. ఏ భూమి దేనికి వాడాలో అందులో రంగులతో చూపిస్తారు. ఇళ్ళకు పసుపు. సేద్యానికి ఆకుపచ్చ. కర్నూలుకు, కడపకు పట్టణాభివృద్ధి సంస్థలు ఉన్నాయి. ఈ పని చూసేది అవే.

ఆకుపచ్చ భూమిని పసుపు చేయాలంటే అర్జీ పెట్టుకోవాలి. తరువాత పేపర్లో ప్రకటన వస్తుంది. సర్వే నంబరు, ఊరి పేరు అందులో ఉంటాయి. "అభ్యంతరం ఉంటే ఇన్ని రోజుల్లో రాసి ఇవ్వండి" అని కూడా ఉంటుంది. ఆ గడువు లోపలే రాయాలి. ఇళ్ళు కట్టాక అడిగితే, ఇల్లు కాలాక బావి తవ్వినట్టే.

మాస్టర్ ప్లాన్ లేని పల్లెలోనైనా ప్లాట్లు వేయాలంటే లేఅవుట్ అనుమతి కావాలి. 2017 నాటి నియమాల ప్రకారం లేఅవుట్‌లో నూటికి పది వంతుల జాగా అందరి కోసం ఖాళీగా వదలాలి. పది ఎకరాల్లో ప్లాట్లు వేస్తే ఒక ఎకరా వదలాలి. దాన్ని కూడా ప్లాట్లు చేసి అమ్మకూడదు.

పొదుపు డబ్బుతో ప్లాటు కొనే అక్కలూ ఈ మాట వినండి. ముందు అనుమతి కాగితం అడగండి. అనుమతి లేని చోట కొంటే రోడ్డుకూ, నీళ్ళకూ, కాలువకూ ఏళ్ళ తరబడి తిరగాల్సి వస్తుంది.

నీళ్ళు దారి మరచిపోవు

మన సీమలో వంక ఏడాదికి కొన్ని రోజులే పారుతుంది. మిగతా రోజులు ఒట్టి ఇసుక. అందుకే దాన్ని చదును చేయడం సులువు. "ఇక్కడ నీళ్ళెప్పుడు వచ్చాయి?" అంటారు.

2001లో కడపలో బుగ్గవంక పొంగి ఇళ్ళలోకి వచ్చింది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలు పట్నాన్ని ముంచాయి. ఆ వరద ఇళ్ళ వల్ల రాలేదు. పైన వాన ఎక్కువ కురిసింది. కానీ పల్లంలో ఉన్న ఇళ్ళే ముందు మునిగాయి.

వంక పూడితే ఇంకో నష్టం కూడా ఉంది. చెరువు ఎండిపోతుంది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు 12 లక్షణాలు ఉండాలని అందులో చెక్కారు. తీపి నీళ్ళు తెచ్చే ఏరు ఉండాలన్నది వాటిలో ఒకటి. నీళ్ళు వచ్చే దారి లేకపోతే చెరువుకట్ట ఎంత గట్టిగా ఉన్నా ఏం లాభం?

మనం ఏం చేయాలి?

ముందు సర్వే నంబరు తెలుసుకోండి. గ్రామ పటంలో ఆ నంబరు వెతకండి. అక్కడ వాగు పోరంబోకు, చెరువు పోరంబోకు, బండి దారి ఉన్నాయేమో చూడండి. పటం చూపించకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అర్జీ రాయండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. గ్రామస్థాయి కార్యాలయంలో ఆ అర్జీకి రుసుము లేదు. గ్రామసభలో లేచి అడగండి. మీ మాటను పుస్తకంలో రాయించండి.

అభ్యంతరం ఇలా రాయవచ్చు:

"అయ్యా, మా ఊరి సర్వే నంబరు ........ లో ప్లాట్లు వేయడానికి అర్జీ పెట్టారు. ఆ భూమిలో వంక ఉంది. ఆ నీళ్ళే మా చెరువుకు వస్తాయి. మీరు వచ్చి చూడండి, మేము చూపిస్తాం. వంకను కొలిపించి, దాన్ని వదిలిన తరువాతే అనుమతి సంగతి ఆలోచించండి. ఇట్లు, ........"

రెండు కాపీలు రాయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ కాపీని రేషన్ కార్డుతో పాటు దాచుకోండి.

అమ్మలారా, వంక ఎటు పారుతుందో పటం గీసినవాళ్ళ కంటే మీకే బాగా తెలుసు. నీళ్ళు మోసింది మీరు, జీవాలను తోలింది మీరు. ఇన్నాళ్ళూ ఆ తెలివి నోటిమాటగానే ఉండిపోయింది. ఇప్పుడు మీకు రాయడం వచ్చు. ఆ తెలివిని కాగితం మీద పెట్టండి.

మాట్లాడుకోండి

1. మన ఊరి చెరువుకు నీళ్ళు ఏ దారిన వస్తాయి?
2. ఆ దారిలో ఎక్కడైనా రాళ్ళు నాటారా?
3. పైన ఉన్న అర్జీని మన ఊరి పేరుతో రాయండి.