పాయింట్స్‌మన్ పనికి కాలం చెల్లిందా?

డోన్ జంక్షన్‌లో కర్నూలుకు ఒక దారి, నంద్యాలకు ఒక దారి, గుంతకల్లుకు మరో దారి. రైలుకు స్టీరింగ్ ఉండదు కాబట్టి ఏ దారిన పోవాలన్నది డ్రైవరు చేతిలో లేదు. పట్టాలు విడిపోయే చోట మొన తేలి, అటూ ఇటూ జరిగే రెండు పట్టాలదే ఆ నిర్ణయం. వాటిని పాయింట్లంటారు. వాటిని చేత్తో మార్చే ఉద్యోగి పాయింట్స్‌మన్. ఒకప్పుడు లివర్లు లాగి మార్చేవాళ్లు. ఇప్పుడు స్టేషన్ మాస్టరు ప్యానెల్ మీద బటన్లు నొక్కితే మోటారే మారుస్తుంది. ఇక ఈ ఉద్యోగం ఎందుకని అడిగేవాళ్లున్నారు. మోటార్లు వచ్చినందువల్లే ఇతనికి తర్ఫీదు ఇంకా ఎక్కువ కావాలని నేనంటాను.

మోటారు పాయింటును పరీక్షించేటప్పుడు, కదిలే పట్టాకూ దాని పక్క పట్టాకూ నడుమ 5 మిల్లీమీటర్ల మందం ముక్క పెడతారు. ఆ అడ్డు ఉండగా పాయింటు లాక్ కాకూడదు, సిగ్నల్ పడకూడదు. అంటే చిన్న కంకర రాయి ఇరుక్కున్నా బండి ఆగాల్సిందే. అప్పుడు పాయింట్స్‌మన్ మోటారును చేత్తో తిప్పే క్రాంక్ హ్యాండిల్ తీసుకుని అక్కడికి నడుస్తాడు. రాయి తీసేసి, హ్యాండిల్ తిప్పి, మొన పక్క పట్టాకు అతుక్కుందో లేదో వంగి చూస్తాడు. క్లాంపు బిగించి, తాళం వేస్తాడు. పగలైతే పచ్చజెండా, రాత్రయితే పచ్చదీపం చూపితేనే బండి కదులుతుంది.

మనిషి పొరపాటు పడడా అంటే, పడతాడు. పాయింట్లనూ సిగ్నళ్లనూ ఒకదానితో ఒకటి ముడిపెట్టే ఇంటర్‌లాకింగ్‌కు జాన్ సాక్స్‌బీ 1856లోనే పేటెంటు తీసుకున్నది అందుకే. అయితే యంత్రాన్ని అమర్చేదీ, మరమ్మతు చేసేదీ మనుషులే కదా. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా బజార్‌లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైనుకు సిగ్నల్ పడింది, పాయింటు మాత్రం పక్కనున్న లూప్ లైనుకు ఉంది. ఆ ప్రమాదంలో 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నల్ సర్క్యూట్ మార్పుల్లో జరిగిన లోపాలే కారణమని విచారణలో తేలింది. ఈ ఘటన మోటార్లు వద్దని చెప్పదు. ప్యానెల్ మీది దీపాన్ని నమ్మడం వేరు, పట్టాను కళ్లారా చూడడం వేరని చెబుతుంది. రోజూ చేసే పని చేతికి అలవాటవుతుంది. ఎప్పుడో ఒక అర్ధరాత్రి, బండి ఆలస్యమవుతోందన్న ఒత్తిడిలో చేయాల్సిన పని అలవాటు తప్పుతుంది. కాబట్టి మోటారు బిగించిన ప్రతి స్టేషన్‌లోనూ క్రాంక్ హ్యాండిల్ సాధన క్రమం తప్పకుండా జరగాలి, దాన్ని తిప్పే మనిషికి తగినంత విశ్రాంతీ దక్కాలి.