లేజర్ కోత యంత్రం: ఆపి తుడిచే సమయం కూడా పనియే

(రాయపూర్‌లో తెలుగు కార్మికుల శిక్షణ తరగతి యందు చేసిన ప్రసంగ పాఠం)



రాయపూర్–విజయనగరం రైలుమార్గం వెంట మన పెద్దలు ఈ ఊరు చేరిన కాలంలో వారి పనిముట్లు పార, సుత్తి, స్పానర్. నేడు వారి మనుమలు ఉర్లా, సిల్తరా, భన్‌పురి షెడ్లలో లేజర్ కిరణంతో ఇనుప రేకులను కోస్తున్నారు. ఈ మార్పును స్వాగతించవలసినదే. అయితే యంత్రం కొన్న యజమాని దాని వేగాన్ని లెక్క వేసుకొన్నాడే గాని, దాని సంరక్షణకు పట్టే సమయాన్ని లెక్కలోనికి తీసుకోలేదు. ఆ సమయం ఎవరి ఖాతా నుండి పోతున్నదన్నదే ఈనాటి నా విషయం.

1960లో అమెరికాలో మైమన్ తొలి లేజర్‌ను వెలిగించాడు. 1964లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను కనిపెట్టిన కుమార్ పటేల్ మహారాష్ట్రలోని బారామతిలో జన్మించినవాడు. 1967లో ఇంగ్లాండులో కిరణంతోపాటు ఆక్సిజన్ ఊది ఉక్కు రేకును కోసి చూపారు. ఇప్పుడు మీ షెడ్లలోనికి ఎక్కువగా వస్తున్నది ఫైబర్ లేజర్. పాత లేజర్ కిరణం కంటి పైపొరను కాల్చేది. ఫైబర్ లేజర్ కిరణం కంటి లోపలికి చొచ్చుకొనిపోయి రెటీనాను కాల్చుతుంది. అది కంటికి కనిపించదు గనుక రెప్ప మూతపడదు. కాలిపోయిన రెటీనా తిరిగి బాగుపడదు. వెల్డింగ్ అద్దాలు పెట్టుకొన్నాం గదా అని కొందరు ధైర్యం చెప్పుకొంటున్నారు. ఆ కిరణపు తరంగదైర్ఘ్యానికి తగినవని ముద్ర ఉన్న కళ్ళజోడు మాత్రమే రక్షణ ఇస్తుంది.

ఇక నిర్వహణ సంగతి. కటింగ్ హెడ్‌లో లెన్సుకు దిగువన ఒక రక్షణ అద్దం ఉంటుంది. దానిపై ధూళి రేణువు ఒక్కటి నిలిచినా అది కిరణపు వేడిని పీల్చుకొని అద్దాన్ని పగులగొడుతుంది. స్పాంజ్ ఐరన్ కర్మాగారాల నడుమ, సిల్తరా గాలిలో, ఆ ధూళికి కొరత లేదు. కనుక అద్దాన్ని తీసిన మరుక్షణమే ఆ రంధ్రాన్ని టేపుతో మూయాలి. పోగులు రాలని గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, చేతికి తొడుగు వేసుకొని తుడవాలి. చొక్కా అంచుతో తుడవడం, నోటితో ఊదడం పనికిరావు. కిరణం నాజిల్ నడిమిగుండా పోతున్నదో లేదో నాజిల్‌కు టేపు అంటించి, తక్కువ శక్తితో ఒక్క రంధ్రం వేసి చూసుకోవాలి.

చిల్లర్‌లో కుళాయి నీరు పోయరాదు. ఖనిజాలు తీసిన నీరే పోయాలి, ఫిల్టరును గడువు ప్రకారం మార్చాలి. మన ఊరి వేసవిలో కండెన్సర్ రెక్కలకు దుమ్ము పట్టిందంటే చిల్లర్ చేతులెత్తేస్తుంది. వానాకాలంలో చిక్కు వేరు. చల్లగా ఉంటే మంచిదనుకొని నీటి ఉష్ణోగ్రతను మరీ తగ్గిస్తే, గాలిలోని తేమ లోపలి అద్దాలపై చెమటవలె పడుతుంది. చల్లని సీసా పట్టుకొన్న చేతికి ఈ సంగతి తెలుసు.

రేకును మోసే పళ్ళ పట్టీల మీది చిట్టెం కొట్టివేయడం, దుమ్ము లాగే యంత్రపు ఫిల్టరును శుభ్రపరచడం అందరికన్నా చిన్నవాడికి అప్పగించే పనులు. నిజానికి అవి ప్రమాదకరమైనవి. అల్యూమినియం దుమ్ము, ఇనుప దుమ్ము ఒకే పెట్టెలో కలిస్తే తీవ్రంగా మండే పదార్థం తయారవుతుంది. జింకు పూత రేకు కోసిన రోజు పొగ పీల్చినవారికి రాత్రి చలిజ్వరం వస్తుంది. నైట్రోజన్‌కు వాసన లేదు. మూసిన గదిలో అది కారితే మనిషి హెచ్చరిక లేకుండానే కూలిపోతాడు.

నేను చూసిన ఒక షెడ్డులో యంత్రపు తలుపు స్విచ్చికి అయస్కాంతం కట్టి ఉంచారు, తలుపు తెరిచియున్నా కిరణం ఆగకుండుటకు. తుడవడానికి పట్టిన ఇరవై నిమిషాలు టార్గెట్‌లో కోత పడుతుందని ఆపరేటర్ భయం. అద్దం పగిలినప్పుడు దాని ఖరీదును అతని జీతంలోనే విరిచారు. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోను, దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోను ఉన్న నియమం స్పష్టమైనది. నష్టం కార్మికుని నిర్లక్ష్యం వల్లనే నేరుగా కలిగినదై ఉండాలి, సంజాయిషీ చెప్పుకొనే అవకాశం అతనికి ముందుగా ఇవ్వాలి. తుడిచే సమయమే ఇవ్వని యజమాని నిర్లక్ష్యమని ఎవరిని అనగలడు?

యంత్రం నడిచేటప్పుడే ప్రమాదమనుకోకండి. 2018 అక్టోబరు 9న పొరుగున భిలాయి ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్ గ్యాస్ పైపుపై నిర్వహణ పని సాగుతుండగా మంటలు లేచి పదిమందికి పైగా మరణించారు. 1984 భోపాల్ దుర్ఘటన తరువాత, 1987 సవరణ ద్వారా ఫ్యాక్టరీల చట్టంలో ఒక హక్కు చేరింది. ప్రాణాపాయం పొంచియున్నదని తోచినప్పుడు కార్మికుడు ఆ విషయాన్ని యాజమాన్యానికి, ఇన్స్‌పెక్టరుకు తెలియజేయవచ్చును. 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో సైతం అది వ్రాయబడియున్నది. అయస్కాంతం కట్టిన తలుపు అటువంటి అపాయమే.

కనుక రాబోయే వేతన ఒప్పందంలో మనం కోరవలసినది జీతం అంకె ఒక్కటే కాదు. ప్రతి షిఫ్టు ఆరంభంలో అరగంట, వారానికొక పూట నిర్వహణకని వ్రాయించాలి, దానిని టార్గెట్‌లో కలపరాదు. యంత్రంలో చేయి పెట్టినవాని జేబులోనే దాని తాళంచెవి ఉండాలి. విద్యుత్ కేబినెట్, లేజర్ మూలం తెరిచే పని కంపెనీ ఇంజనీరుదే, ఆపరేటర్‌ది కాదు. యంత్రంతో వచ్చే పుస్తకం ఆంగ్లంలో ఉంటుంది, అదీ చీనా భాష నుండి మారిన ఆంగ్లం. దానిని హిందీలోనికి, తెలుగులోనికి మార్పించే ఖర్చు యాజమాన్యానిదే.

ఒప్పందం కుదిరేదాకా ఆగనవసరం లేదు. రేపటి షిఫ్టు నుండి ప్రతి యంత్రం దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, అద్దం తుడిచిన వేళ, నీటి ఉష్ణోగ్రత, ఫిల్టరు మార్చిన రోజు, సమయం నిరాకరిస్తే ఆ మాట చెప్పినవారి హోదా, చివర మీ సంతకం. నెలాఖరున దాని నకలు ఒకటి యూనియన్ కార్యాలయానికి పంపండి.